సా-వెట్ గుడ్లగూబ రెక్క కింది గులాబి వెలుగు: కొలత పెట్టె డైరీ

ఆగస్టు, మొదటి వారం

పెన్సిల్వేనియాలో ఆపలాచియన్ కొండల మీద, ఆకురాలే కాలంలో రాత్రిపూట గుడ్లగూబలను వలల్లో పట్టి, కొలతలు తీసుకుని, కాలికి అల్యూమినియం రింగు తొడిగి వదిలిపెట్టే కేంద్రంలో నేను స్వచ్ఛంద సహాయకుణ్ని. అక్కడికి వచ్చేవి దాదాపు అన్నీ నార్తర్న్ సా-వెట్ జాతి గుడ్లగూబలు. పిడికిట్లో ఇమిడేంత చిన్న పిట్ట ఇది; చాలావాటి బరువు 75 నుంచి 100 గ్రాముల మధ్య ఉంటుంది. దీని రెక్క విప్పి అడుగు భాగం మీద అతినీలలోహిత దీపం వేస్తే కొత్త ఈకలు ముదురు గులాబి రంగులో వెలుగుతాయి, పాతవి మసకగా ఉండిపోతాయి. ఆ తేడాను బట్టి పిట్ట వయసు ఎంతో చెప్పవచ్చు. ప్రస్తుతం ఆ వెలుగును కంటి అంచనాతో ‘బాగా ఉంది’, ‘కొద్దిగా ఉంది’, ‘లేదు’ అని నమోదు చేస్తున్నాము. దాన్ని ఎవరు కొలిచినా ఒకే తీరుగా వచ్చే అంకెగా మార్చగల ఒక పెట్టెను ఈ సీజనుకు తయారు చేయాలన్నది నేను పెట్టుకున్న పని.

పద్ధతి కొత్తది కాదు. స్కాట్ వైడెన్‌సాల్, మరో ముగ్గురు సహచరులు 2011లో ‘విల్సన్ జర్నల్ ఆఫ్ ఆర్నిథాలజీ’లో దీన్ని వివరంగా ప్రచురించిన తరువాత గుడ్లగూబలకు రింగులు తొడిగే కేంద్రాల్లో అతినీలలోహిత దీపం మామూలు పనిముట్టయింది. ఉత్తర అమెరికాలో ఇలాంటి కేంద్రాలు వందకు పైగా ‘ప్రాజెక్ట్ ఔల్‌నెట్’ అనే కూటమిలో ఉండి, ఇంచుమించు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. అంతకుముందు తలకు కట్టుకున్న లైటు వెలుతురులో ఏ ఈక గోధుమరంగు ముదురుగా ఉంది, ఏది వెలిసింది, ఏ కొస అరిగింది అని వెతుక్కోవలసి వచ్చేది. చేయి తిరిగినవారు ఇప్పటికీ అలాగే చెప్పగలరు. కొత్తగా చేరినవారికి మాత్రం దీపం పెద్ద ఆసరా.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే ఈ పిట్ట ఈకలు మార్చే తీరు తెలియాలి. గూడు వదిలిన సా-వెట్ పిల్లకు రెక్క ఈకలన్నీ ఒకే కాలంలో మొలిచినవి కావడంతో మొదటి ఆకురాలే కాలంలో రెక్క అంతా ఒకే తీరుగా వెలుగుతుంది. మరుసటి ఏడు అది అన్ని ఈకలనూ రాల్చదు. రెక్క కొస వైపున్న ప్రైమరీ ఈకలను, ఒంటి వైపున్న సెకండరీ ఈకలను మార్చుకుని, నడుమ ఒక వరుసను పాతవే ఉంచుకుంటుంది. అప్పుడు దీపం కింద రెండు చివరలా గులాబి, మధ్యలో మసక పట్టీ కనిపిస్తాయి. అంతకన్నా పెద్ద పిట్టల్లో వేరువేరు ఏళ్లలో మొలిచిన ఈకలు కలగలిసి ఉంటాయి. కంటి అంచనా తడబడేది ఎక్కువగా అక్కడే. రెండేళ్ల ఈకకూ ఏడాది ఈకకూ మధ్య ఉన్న స్వల్ప భేదాన్ని ఇద్దరు మనుషులు రెండు రకాలుగా రాస్తారు.

ఆగస్టు, మూడో వారం

కొలవబోయే పదార్థం గుణగణాలే పెట్టె రూపాన్ని నిర్ణయించాలి కాబట్టి ముందుగా వాటిని రాసుకుంటున్నాను.

ఆ గులాబి వెలుగుకు కారణం పోర్ఫిరిన్ అనే వర్ణకం. గుడ్లగూబల ఈకల్లో ప్రధానంగా ఉండేది కోప్రోపోర్ఫిరిన్-3. పక్షుల ఈకల్లో పోర్ఫిరిన్ల గురించి జర్మన్ శాస్త్రవేత్త ఓటో ఫోల్కర్ 1938లోనే సవివరంగా రాశాడు. గుడ్లగూబల్లోనూ బస్టర్డుల్లోనూ ఇవి మెండు. రోళ్లపాడు గడ్డిమైదానాల పేరు చెప్పగానే మనకు గుర్తుకువచ్చే బట్టమేకపిట్ట ఆ బస్టర్డుల కుటుంబానిదే.

పోర్ఫిరిన్ అంటే నాలుగు చిన్న పైరోల్ వలయాలు కలిసి ఏర్పడిన ఒక పెద్ద వలయం. దాని నడుమ ఇనుము చేరితే మన నెత్తురుకు ఎరుపునిచ్చే హీమ్ అవుతుంది. నడుమ రాగి చేరిన పోర్ఫిరిన్ కూడా ప్రకృతిలో ఉంది: ఆఫ్రికాలోని టురాకో పక్షుల రెక్కల్లోని టురాసిన్ అదే, అందులో రాగి ఉన్నదని ఆర్థర్ చర్చ్ 1869లో వెల్లడించాడు. పగటి వెలుతురులో కెంపురంగులో మెరిసే ఆ టురాసిన్ అతినీలలోహిత దీపం కింద వెలగదు, ఎందుకంటే వలయం పీల్చుకున్న శక్తిని అది వెలుగుగా తిరిగి ఇవ్వకముందే రాగి దాన్ని దారి మళ్లిస్తుంది. హీమ్ సంగతీ అంతే. గుడ్లగూబ ఈకలోని పోర్ఫిరిన్‌లో నడుమ ఏ లోహమూ లేదు కనుకనే అది పీల్చుకున్న కాంతిలో కొంత ఎరుపుగా తిరిగి బయటికి వస్తుంది. దీన్నే ప్రతిదీప్తి అంటాము. పీల్చుకోవడం 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అత్యధికంగా ఉంటుంది. వెలువడేది సుమారు 620 నుంచి 680 నానోమీటర్ల మధ్య, అంటే నికరమైన ఎరుపు.

పెట్టెకు సంబంధించినంతవరకు అన్నిటికన్నా ముఖ్యమైన గుణం మరొకటి ఉంది. వెలుతురు తగిలిన పోర్ఫిరిన్ తన శక్తిలో కొంత పక్కనే ఉన్న ఆక్సిజన్‌కు ఇస్తుంది. అలా చురుకైన ఆక్సిజన్ ఆ పోర్ఫిరిన్‌నే విరగ్గొడుతుంది. అందుకే ఎండ తగిలే పైభాగంలో ఈ వర్ణకం త్వరగా నశించి, ముడిచిన రెక్క చాటున, అడుగు భాగంలో మిగులుతుంది. పగలంతా చెట్టు గుబురులో కదలకుండా కూర్చుని రాత్రి మాత్రమే తిరిగే పిట్ట కావడం వల్ల సా-వెట్ ఈకలో అది నెలల తరబడి నిలుస్తుంది. నిలిచినా తరుగుతూనే ఉంటుంది, ఆ తరుగుదలనే మనం వయసుగా చదువుతున్నాము. కానీ నేను వేసే దీపం కూడా వెలుతురే. కొలిచే పనిలో కొలవవలసిన దాన్నే తగ్గించకూడదు కాబట్టి దీపం వెలిగే సమయం సెకను కన్నా తక్కువ ఉండాలని మొదటి నియమం రాసుకున్నాను.

సెప్టెంబరు, మొదటి వారం

దీపం ఎంపికకు అనుకున్నదానికన్నా ఎక్కువ సమయం ఇచ్చాను, ఎందుకంటే ఇక్కడ ఏది తేలిగ్గా వదిలేసినా చివరి అంకె నమ్మదగ్గదిగా ఉండదు.

బజారులో దొరికే అతినీలలోహిత టార్చిలు రెండు రకాలు. 395 నానోమీటర్లవి చవక. వాటి వెలుగు పోర్ఫిరిన్ బాగా పీల్చుకునే చోటికి దగ్గరగా ఉండటం వల్ల ఈక గట్టిగా వెలుగుతుంది. అయితే వాటి వెలుగులో కొంత భాగం కంటికి కనిపించే ఊదారంగు కావడంతో చుట్టూ ఉన్నదంతా ఊదాగా కనిపిస్తుంది. 365 నానోమీటర్లవి ఖరీదు ఎక్కువ, ఈక కాస్త తక్కువగా వెలుగుతుంది, కానీ ముందు నల్లగాజు ఫిల్టరు పెడితే కనిపించే వెలుగు దాదాపు పోయి చూపు శుభ్రంగా ఉంటుంది. ఈ నల్లగాజులు 700 నానోమీటర్ల దాపున ముదురు ఎరుపును కొంత వదులుతాయి. మనం వెతికేది ఎరుపే కాబట్టి, వాడే దీపంలో ఆ ఎరుపు లేదని ముందే చూసుకోవాలి.

ఇంటర్నెట్‌లో కనిపించే సా-వెట్ ఫోటోల్లో ఒకదానిలో రెక్క చిలకగులాబి రంగులో, మరొకదానిలో ఇటుక ఎరుపులో, ఇంకొకదానిలో ఊదాలో ఉంటుంది. పిట్టల మధ్య అంత తేడా లేదు. పోర్ఫిరిన్ ఇచ్చేది ఎరుపు. ఈక పదార్థమైన కెరటిన్ తనంతట తాను బలహీనమైన నీలి వెలుగు ఇస్తుంది. దీపం నుంచి ఊదా కలుస్తుంది. ఈ మూడూ కలిసినదాన్నే మనం గులాబి అంటున్నాము. కాబట్టి గులాబిని కొలవడంలో అర్థం లేదు, అందులోని ఎరుపును మాత్రం విడదీసి కొలవాలి.

అందువల్ల 395 దీపాన్ని కొలతకు పెట్టి, కెమెరా కటకం ముందు నారింజ రంగు లాంగ్‌పాస్ ఫిల్టరు బిగించాను. అది దీపం ఊదానూ కెరటిన్ నీలాన్నీ ఆపి, ఎరుపును మాత్రమే లోపలికి వదులుతుంది. కేంద్రంలో కంటితో చూసుకోవడానికి 365 టార్చి వేరుగా ఉంటుంది.

అతినీలలోహిత ఎల్ఈడీ వేడెక్కేకొద్దీ మసకబారుతుంది, చల్లబడితే ప్రకాశం పెరుగుతుంది. బ్యాటరీ దిగినకొద్దీ మళ్లీ మారుతుంది. కరెంటును స్థిరంగా ఉంచే డ్రైవరు పెట్టి, కెమెరా మీట నొక్కినప్పుడు మాత్రమే క్షణకాలం వెలిగేటట్టు కలిపాను. దీంతో వేడి సమస్య చాలావరకు తీరింది, ఈక మీద పడే వెలుతురూ తగ్గింది.

సెప్టెంబరు, చివరి వారం

పెట్టె తయారైంది. పలుచని ప్లైవుడ్, లోపల మెరుపు లేని నల్లరంగు, అడుగున నల్ల ఫెల్టు గుడ్డ. ఒక పక్కన చీలిక, దానికి రెండు పొరల నల్లగుడ్డ తొడుగు. రింగు తొడిగే మనిషి పిట్టను ఎప్పటిలాగే చేతిలో పట్టుకుని, ఒక రెక్కను మాత్రం ఆ తొడుగులోంచి లోపలికి విప్పుతాడు. పిట్ట తల, ఒళ్లు బయటే ఉంటాయి. ఈ అమరిక మీద నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. గుడ్లగూబల కంటి కటకం అతినీలలోహిత కాంతిని రెటీనా దాకా పోనిస్తుందని 2019లో ఒక అధ్యయనం చూపింది. మన కటకం దాన్ని చాలావరకు ఆపుతుంది. చీకటిలో చూడటానికి అమరిన కళ్లలోకి అంత దగ్గరనుంచి ఆ దీపం వేయడం నా మనసు ఒప్పుకోని పని. మనుషుల కోసం అతినీలలోహితాన్ని ఆపే పాలికార్బొనేట్ కళ్లజోళ్లు పెట్టె మూతకే తాడుతో కట్టి ఉంచాను.

ప్రతి ఫోటోలోనూ రెక్క పక్కన రెండు ప్రామాణికాలు ఉంటాయి. మొదటిది నల్లాలు బిగించేటప్పుడు మరల మీద చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు, చాలా పొరలుగా చుట్టి నొక్కినది. టెఫ్లాన్ అతినీలలోహితాన్ని చక్కగా వెదజల్లుతుంది, తాను మాత్రం వెలగదు. నారింజ ఫిల్టరు తీసి చూస్తే అది దీపం ఎంత బలంగా, ఎంత సమంగా పడుతున్నదో చెబుతుంది. ఫిల్టరు పెట్టి చూస్తే అది పూర్తిగా నల్లగా కనిపించాలి. ఏ మాత్రం కనిపించినా దీపం నుంచి ఎరుపు కారుతున్నట్టు లెక్క. మామూలు తెల్లకాగితం దీనికి పనికిరాదు, తెల్లదనం కోసం దానిలో కలిపే రసాయనాలు నీలంగా వెలుగుతాయి. అదే కారణంతో తెల్ల చొక్కా వేసుకున్నవారు పెట్టె తొడుగు దగ్గర నిలబడకూడదు.

రెండోది కృత్రిమ కెంపు బిళ్ల. అందులోని క్రోమియం 694 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది, స్ఫటికంలో బిగుసుకుని ఉన్నది కనుక ఈకలా వెలిసిపోదు. ఈక ఎరుపును కెంపు ఎరుపుతో భాగిస్తే వచ్చే నిష్పత్తే నేను నమోదు చేసే అంకె. దీనికి ఒక హద్దు ఉంది: కెమెరాల్లో పరారుణాన్ని ఆపే గాజు సరిగ్గా ఈ 694 చుట్టుపక్కలే కోత మొదలుపెడుతుంది, అది ఒక్కో తయారీలో ఒక్కో తీరుగా ఉంటుంది. కాబట్టి ఒకే కెమెరాతో తీసిన అంకెలను మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చవచ్చు.

పిట్టలు రాకముందే పెట్టెను పరీక్షించడానికి కోడిగుడ్డు వాడాను. గోధుమరంగు పెంకులో ప్రోటోపోర్ఫిరిన్ ఉంటుంది, అది కూడా లోహం లేని పోర్ఫిరినే. చీకటి గదిలో దీపం వేస్తే పెంకు ఎర్రగా నిప్పుకణికలా వెలుగుతుంది, తెల్లగుడ్డు దాని పక్కన వెలవెలబోతుంది. ఒక గోధుమరంగు గుడ్డుకు సగం వరకు అల్యూమినియం రేకు చుట్టి, దక్షిణపు కిటికీలో ఎండకు ఉంచాను. కొన్నాళ్లకు రేకు విప్పి చూస్తే మామూలు వెలుతురులో రెండు సగాలకూ తేడా అంతంత మాత్రమే. దీపం కింద మాత్రం గుడ్డు నడుమ గీత గీసినట్టు ఒక వైపు ఎరుపు, మరో వైపు మసక. రేకు ముడత లేచిన చోట వెలుతురు చొరబడి ఒక సన్నని పాయ కూడా వెలిసిపోయింది. పెట్టె ఇచ్చిన నిష్పత్తి కూడా ఆ గీత దగ్గరే పడిపోయింది. నాటుకోడి గుడ్డు, చవక టార్చి ఉన్న ఎవరైనా ఈ పరీక్ష ఇంట్లో చేసి చూడవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లోని పాఠకులకు ఒక్క మాట. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 గుడ్లగూబలకు రక్షణ ఇస్తుంది. వాటిని పట్టడం, వాటి భాగాలను దగ్గర పెట్టుకోవడం నేరం. అమెరికాలోనూ వలస పక్షుల ఒప్పంద చట్టం, 1918 ప్రకారం అనుమతి లేకుండా రాలిన ఈకను కూడా దాచుకోకూడదు. నేను చేస్తున్నదంతా ఫెడరల్ అనుమతి ఉన్న కేంద్రపు బాధ్యుల పర్యవేక్షణలో జరుగుతున్న పని.

అక్టోబరు, రెండో వారం

వలలు తెరిచారు. చీకటి పడగానే మగ సా-వెట్ కూత రికార్డింగును, విరామం లేకుండా సాగే ఒకే స్థాయి ఊళను, వలల నడుమ పెడతారు. నిర్ణీత వ్యవధిలో వలల దారి వెంట నడిచి చూసి, దొరికిన పిట్టను గుడ్డ సంచిలో కొట్టానికి తెస్తారు. దొరికేవాటిలో ఆడవి చాలా ఎక్కువ. కూత మగదాని కూత కావడం దానికి ఒక కారణమా, మగవి నిజంగానే తక్కువగా వలస పోతాయా అన్నది ఇక్కడ ఎప్పుడూ నడిచే చర్చ.

కేంద్రం బాధ్యురాలు పెట్టెకు పెట్టిన షరతు సరైనది: బరువు, రెక్క పొడవు, కొవ్వు, రింగు అన్నీ పూర్తయ్యాక, పిట్ట ప్రశాంతంగా ఉంటేనే పెట్టె దగ్గరికి రావాలి, ముక్కు టకటకలాడించినా, వలల దగ్గర వేరే పిట్టలు ఎదురుచూస్తున్నా ఫోటో లేదు. అందువల్ల పట్టిన ప్రతి పిట్టకూ కొలత ఉండదు.

మొదటగా పెట్టెలోకి వచ్చిన రెక్కల్లో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. తలలైటు కింద అది మామూలు గోధుమరంగు రెక్క, తెల్ల చుక్కల వరుసలతో. టార్చి వేయగానే కొసనున్న ప్రైమరీలు వెలిగాయి. వెలుగు ఈక అంతటా సమంగా లేదు. ఈకకాడకు లోపలి వైపున, పక్క ఈక కప్పి ఉంచే వెడల్పు భాగంలో చిక్కగా ఉండి, గాలిని కోసే ముందంచు వైపు పలచబడింది. ఆ అంచున చప్పుడు తగ్గించే దువ్వెన పళ్లలాంటి నూలు కొసల్లో వెలుగు అసలు లేదు. రెక్క నడుమ నుంచి కొస వైపు లెక్కిస్తే మొదటి నాలుగు ప్రైమరీలు, వాటి పక్క సెకండరీలు కొన్ని బూడిదరంగులో మసకగా ఉండిపోయాయి. మళ్లీ ఒంటి దగ్గర గులాబి. అంటే నిరుటి పిల్ల. ఒక ఈకలోనే ఎండ తగిలే చోటుకూ తగలని చోటుకూ ఇంత తేడా ఉంటే, ఈకలో ఏ చోట కొలుస్తున్నామన్నది ముఖ్యమవుతుంది. అందుకని మూడో ప్రైమరీ, తొమ్మిదో ప్రైమరీల లోపలి అరలో, ఈక పొడవులో సగం దగ్గర, ఒకే కొలత ఉన్న చిన్న చతురస్రాన్ని ఎంచుకోవాలని నియమం పెట్టుకున్నాము. రెక్క ఎంత విప్పాలో తెలియడానికి అడుగు ఫెల్టు మీద తెల్లదారంతో కాకుండా, వెలగని బూడిదరంగు దారంతో గీత కుట్టాను.

అక్టోబరు, చివరి వారం

రద్దీ పెరిగింది, పెట్టెకు సమయం తగ్గింది. చలి కూడా. ఇంట్లో తీసిన ప్రామాణిక ఫోటోలతో పోలిస్తే కొట్టంలో టెఫ్లాన్ ఎక్కువ ప్రకాశంగా కనిపిస్తోంది, చల్లని ఎల్ఈడీ ఎక్కువ వెలుగుతుంది కాబట్టి. కెంపుతో భాగించడం వల్ల నిష్పత్తి కదలలేదు. ఈ ఒక్క సంగతితో ప్రామాణికాల మీద పెట్టిన శ్రమకు ఫలితం దక్కినట్టే.

ఫోటోలన్నీ కెమెరా తానుగా ఏమీ సవరించని ‘రా’ (raw) ఫైళ్లుగా, వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజరు మార్చకుండా తీస్తున్నాము. ఆటోమేటిక్‌లో వదిలితే కెమెరా మసక రెక్కను తానే వెలిగించి చూపుతుంది, అప్పుడు కొలతకు విలువ లేదు. ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో చతురస్రం గీసి, ఎరుపు చానల్ సగటు తీసి, దీపం వేయని చీకటి ఫోటో విలువను తీసివేసి, కెంపు విలువతో భాగిస్తున్నాను.

ఆ ఏటి పిల్లల్లో మూడో ప్రైమరీ, తొమ్మిదో ప్రైమరీ నిష్పత్తులు దగ్గరదగ్గరగా ఉంటున్నాయి. నిరుటి పిల్లల్లో మూడోది బాగా కిందికి పడిపోతోంది. ఈ రెండు గుంపులూ ఇంతవరకు ఒకదానిలో ఒకటి కలవలేదు, అయితే ఇది కంటితో కూడా తెలిసే తేడాయే. నాకు ఆసక్తి కలిగించింది మరొకటి: ఒకే వయసు పిల్లల మధ్య కొత్త ఈకల వెలుగులోనే గణనీయమైన వ్యత్యాసం ఉంది. కంటి అంచనాలో అవన్నీ ‘బాగా ఉంది’ అనే ఒకే గడిలో పడిపోయేవి.

నవంబరు, మొదటి వారం

ఇప్పటికే రింగు ఉన్న పిట్ట ఒకటి వలలో పడింది. అప్పటికప్పుడు నంబరు రాసుకుని, రెక్కను టార్చితో చూడకముందే పెట్టెలో ఫోటో తీయించాను. అంకెలు లెక్కపెట్టి నా అంచనా కాగితం మీద రాసిపెట్టుకున్నాక, రింగుల నమోదులు చూసే ఫెడరల్ బ్యాండింగ్ ల్యాబ్‌కు నంబరు పంపాము. నిరుడు వేరే కేంద్రంలో, ఆ ఏటి పిల్లగా రింగు తొడిగిన పిట్ట అని జవాబు వచ్చింది. మా అంకె చెప్పిందీ అదే. వయసు బయటినుంచి ఖాయంగా తెలిసిన ఇలాంటి పిట్టలే ఈ పద్ధతికి అసలైన గీటురాయి. దీపంతో వయసు నిర్ణయించిన పిట్టల మీద దీపం పద్ధతిని పరీక్షించుకుంటే ఏమీ రుజువు కాదు. సీజను ముగిసేలోపు తిరిగి దొరికిన ప్రతి పిట్టకూ పెట్టెలో మొదటి చోటు ఇవ్వడానికి బాధ్యురాలు ఒప్పుకున్నారు.

పెద్ద పిట్టల విషయంలో మాత్రం పెట్టె ఇంకా తేల్చలేదు. ఏడాది ఈక, రెండేళ్ల ఈక రెండూ కొలత అట్టడుగున ఉంటాయి, అక్కడ కెమెరా సొంత రొద, అంటే వెలుగు లేకున్నా ఫోటోలో చేరే మచ్చలు, ఈక వెలుగుతో సమానమైపోతోంది. ఎక్స్‌పోజరు పెంచితే చేతిలోని పిట్ట కదలిక అడ్డు వస్తుంది, దీపం పెంచితే ఈక వెలుస్తుంది. కొద్ది వ్యవధి ఫోటోలు కొన్ని వరుసగా తీసి కలపడం నాకు తోచిన మధ్యేమార్గం.

నవంబరు, చివరి వారం

వలలు మూసేశారు. పెట్టె ఇంటికి వచ్చింది.

కేంద్రానికి వచ్చే సందర్శకులు దీపం కింద రెక్కను చూడగానే అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎందుకు? ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికా, జోడును ఆకర్షించడానికా? ఆ ప్రశ్నను నేను గౌరవిస్తాను, కానీ జవాబు చెప్పడానికి తొందరపడను. ఇగ్నాసియో గాల్వాన్, సహచరులు 2016లో బస్టర్డుల ఈకల మీద రాసిన పత్రంలో ఆ గులాబి ఎండకు త్వరగా పోతుంది కాబట్టి ఇంతవరకు జోడు కట్టని పక్షికి అది గుర్తు కావచ్చని ప్రతిపాదించారు. 2019లో కార్లోస్ కమాచో బృందం దక్షిణ స్పెయిన్‌లోని ఎర్రమెడ నైట్‌జార్లు అనే రాత్రి పక్షుల్లో ఈ వెలుగు ఒక పిట్టకూ మరో పిట్టకూ ఎలా మారుతుందో పరిశీలించింది. మిషిగన్ ఎగువ ద్వీపకల్పం మీదుగా వలస వెళ్లే లాంగ్-ఇయర్డ్ గుడ్లగూబల్లో ఆడవాటికి, పెద్దవాటికి ఈ వర్ణకం ఎక్కువని ఇటీవల మరో అధ్యయనం చెప్పింది. ఇవన్నీ వ్యత్యాసం ఉన్నదని చూపుతాయి. ఆ వ్యత్యాసాన్ని మరో గుడ్లగూబ చూస్తుందని చూపడం వేరే పని.

నా అనుమానానికి కారణాలు ఇవి. మనం చూసే గులాబి దీపం పుట్టించినది; రాత్రి అడవిలో ఆ స్థాయి అతినీలలోహితం లేదు, వెన్నెలలో ఉన్నది బహుస్వల్పం. గుడ్లగూబలకు అతినీలలోహితాన్ని ప్రత్యేక రంగుగా గుర్తించే వర్ణకం కంటిలో రంగులు చూసే కోన్ కణాల్లో లేదు. చీకటిలో పనిచేసే రాడ్ కణాలకు రంగు తేడాలు తెలియవు, ముదురు ఎరుపుకు అవి బాగా మందకొడి. ఈక మొలిచే కాలంలో హీమ్ తయారీ దారిలో మిగిలిన పోర్ఫిరిన్ ఈకలో చేరి ఉండవచ్చు, పగటిపూట నీడన ఉండే జీవి కావడం వల్ల అది పోకుండా నిలిచి ఉండవచ్చు. అలాగైతే పిట్టల మధ్య కనిపించే వ్యత్యాసం ఆ ఈక మొలిచిననాటి శరీరస్థితి గురించి చెబుతుంది. అదే నిజమైతే సంకేతం కన్నా విలువైన సమాచారమని నా అభిప్రాయం, ఎందుకంటే వలలో పడిన పిట్ట గడిచిన వేసవిలో ఎలా బతికిందో చెప్పే ఆధారాలు మన దగ్గర చాలా తక్కువ.

దాన్ని పరీక్షించాలంటే ఒక కేంద్రం అంకెలు చాలవు. చలికాలంలో రెండో పెట్టె కడుతున్నాను: అదే తయారీ కెమెరా, ఒకే పలకలోంచి కోసిన కెంపు బిళ్లలు, ఒకే బ్యాచి ఎల్ఈడీలు. రెండు పెట్టెల్లోనూ ముందుగా ఒకే గోధుమరంగు గుడ్డును, తరువాత కేంద్రం అనుమతితో నల్లకవర్లో భద్రపరచిన రాలిన ఈకలను కొలిచి, నిష్పత్తులు సరిపోతేనే రెండోదాన్ని ఉత్తరాన ఉన్న మరో కేంద్రానికి పంపుతాను. వసంతంలో పిట్టలు తిరుగుప్రయాణంలో వెళ్లేటప్పుడు వాళ్లు వలలు తెరుస్తారు. ఇక్కడ కొలిచిన రింగుల్లో ఏదైనా అక్కడ పడితే, ఒకే ఈక ఒక చలికాలంలో ఎంత వెలిసిందో మొదటిసారిగా అంకెల్లో తెలుస్తుంది.